కార్ఖానా: మీ ప్రశ్నలు, మా జవాబులు – ఎయిర్‌సాఫ్ట్ తుపాకీ ఇంట్లో కట్టుకోవడం

ఈసారి ఉత్తరాలు చాలావరకు ఒకే విషయం మీద వచ్చాయి కాబట్టి అన్నిటినీ ఒకచోట పెడుతున్నాం. తెలియనివాళ్ల కోసం ఒక్క మాట: ఎయిర్‌సాఫ్ట్ అంటే 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గోళీని స్ప్రింగు తోసే గాలితో విసిరే ఆట తుపాకీ. జపాన్‌లో పుట్టిన సరదా. బ్యాటరీ, మోటారుతో నడిచే రకాన్ని 1991లో టోక్యో మారుయి కంపెనీ తెచ్చింది. ఇక్కడ మాట్లాడుతున్నది ఆ రకం గురించే.

ప్రశ్న: ఇంటి వెనక రేకుల షెడ్డులో డ్రిల్లు, జిగ్‌సా, బల్ల వైస్ ఉన్నాయి. సొంత డిజైన్‌తో ఒక ఎయిర్‌సాఫ్ట్ రైఫిల్ కడదామనుకుంటున్నాను. మొత్తం నేనే చేసుకోవచ్చా, కొన్ని కొనాలా? పోలీసుల అనుమతి సంగతేంటి?
– ప్రైవేటు ఉద్యోగి, హనుమకొండ

జవాబు: ముందు మీ రెండో ప్రశ్న. 2016 ఆయుధ నియమాలలో అసలు తుపాకీని పోలిన నమూనాల ప్రస్తావన విడిగానే ఉంది. ‘బొమ్మే కదా సార్’ అంటే స్టేషన్‌లో చెల్లదు. చెక్క కోయకముందే డ్రాయింగు, కొనబోయే భాగాల జాబితా పట్టుకుని కమిషనరేట్‌లో ఆయుధాల లైసెన్సులు చూసే విభాగానికి వెళ్లండి. అక్కడ చెప్పిందాన్ని కాగితం మీద తీసుకోండి. విదేశం నుంచి పార్సిల్ తెప్పించుకునే ఆలోచన ఉంటే మానుకోండి, కస్టమ్స్‌లో ఇరుక్కుంటుంది. బిల్లు ఇచ్చే దేశీయ అమ్మకందారు దగ్గరే కొనండి.

ఆకారం గురించి మా అభిప్రాయం గట్టిది. ఏకే, ఇన్సాస్, ఎస్సెల్లార్ లాంటి అసలు రైఫిళ్ల పోలికలు వద్దు. ములుగు, భూపాలపల్లి దిక్కు ఏ ఊళ్లో చూసినా ఆ ఆకారాలు జనానికి బాగా గుర్తు, వాటి వెనక ఉన్న చరిత్ర కూడా గుర్తే. సొంత డిజైన్ అంటున్నారు కాబట్టి అది మీకు కలిసొచ్చే విషయం. పోటీల్లో వాడే గురి తుపాకుల్లా బొటనవేలు దూరే రంధ్రం ఉన్న చెక్క మడమ (భుజానికి ఆనించే వెనక భాగం), పసుపో నీలమో రంగు, గొట్టం చివర ఆరెంజ్ ముక్క పెట్టండి. ఆ ఆరెంజ్ కొనను అతికించవద్దు, అడ్డంగా పిన్ను కొట్టి బిగించండి. రంగు ఒక్కటే వేస్తే రెండు నెలల్లో గీసుకుపోతుంది.

ఇక ఏది కొనాలి, ఏది చెయ్యాలి. గేర్‌బాక్సు, అంటే గేర్లు, స్ప్రింగు, పిస్టన్ కూర్చునే పెట్టె, కొనాల్సిందే. ఇంట్లో పళ్లచక్రాలు కోసుకుందామని చాలామందికి ఉబలాటం ఉంటుంది. లెక్క చూడండి: మామూలు గేర్ల నిష్పత్తి సుమారు 18కి 1. చివరి చక్రం ఒక చుట్టు తిరిగితే ఒక గోళీ పోతుంది. సెకనుకు 15 గోళీలు పోవాలంటే మోటారు నిమిషానికి 16,000 చుట్లకు పైగా తిరగాలి, అదీ స్ప్రింగును లాగుతూ. ఆ వేగంలో చేతి పనితనపు పళ్లు నిమిషం నిలవవు.

కొనాల్సినవి ఇవి: పూర్తిగా బిగించిన వీ2 రకం గేర్‌బాక్సు (భాగాలు, విడి షిమ్ములు, అంటే గేర్ల పక్కన వేసే పలచటి ఉంగరపు రేకులు, ఈ రకానికే ఎక్కువ దొరుకుతాయి), పొడవు ఇరుసు మోటారు, మోటారు కూర్చునే పిడి, హాప్-అప్ గది (గోళీ కూర్చుని వెనకతిప్పు అందుకునే చోటు), దాని రబ్బరు, 363 మిల్లీమీటర్ల లోపలి గొట్టం, ఒక మ్యాగజైను. పిడిని మాత్రం చెక్కలో చెక్కాలని చూడకండి. మోటారు ఇరుసుకూ గేరుకూ మధ్య కోణాన్ని నిలబెట్టేది ఆ పిడే. మీరు చెయ్యాల్సినవి ఒళ్లు, మడమ, ముందు పట్టు, బయటి గొట్టం.

ఒంటికి పొరల పద్ధతి మేలు. గేర్‌బాక్సు మందాన్ని నాలుగు చోట్ల వర్నియర్‌తో కొలవండి. అన్నిటికంటే ఎక్కువ వచ్చిన కొలతకు 0.5 మిల్లీమీటరు కలిపితే మధ్య పొర మందం వస్తుంది. ఆ పొరలో గేర్‌బాక్సు ఆకారాన్ని కోసి, రెండు వైపులా 6 మిల్లీమీటర్ల మెరైన్ ప్లై బుగ్గలు పెట్టి ఎం4 బోల్టులతో బిగించండి. బుగ్గలు రెండింటినీ ఫెవికాల్‌తో అంటించేశారో, రేపు గేర్‌బాక్సు తీయడానికి మళ్లీ రంపమే గతి. ఒకటి ఎప్పటికీ ఊడేలా ఉండాలి.

ఇంటి తయారీ చెడిపోయేది చాలాసార్లు ఒకే చోట. గేర్‌బాక్సు ముక్కు (గాలి బయటికి వచ్చే చిన్న గొట్టం), హాప్-అప్ గది, గొట్టం మూడూ ఒకే గీత మీద లేకపోవడం వల్ల. దీన్ని పట్టుకోవడానికి పాత చిట్కా పనికొస్తుంది. స్ప్రింగు తీసేసి, ముక్కు అంచుకు దీపం మసి పలచగా రాసి, చేత్తో ముందుకూ వెనక్కూ నాలుగుసార్లు ఆడించి, గదిని బయటికి తీసి చూడండి. మసి చుట్టూ సమంగా అంటితే సరే. ఒకవైపే అంటితే ఎదుటి వైపు గది కింద పలచటి ఇత్తడి రేకు ముక్క పెట్టాలి. గదిని ఒంటికి గట్టిగా బిగించకండి. ముందు నుంచి చిన్న స్ప్రింగు దాన్ని వెనక్కి తోస్తూ ఉండాలి. ఒకటి రెండు మిల్లీమీటర్ల ఆట ఉంటేనే ముక్కు తన చోటు తాను వెతుక్కుంటుంది.

ప్రశ్న: మడమ, ముందు పట్టు కొయ్యతో చేస్తున్నాను. టేకు ముక్కలు సా మిల్లులో దొరుకుతున్నాయి. నిర్మల్ బొమ్మల పునికి కర్ర తేలికగా ఉంటుందట కదా, అది వాడొచ్చా? మొదటి మడమ పిడి దగ్గర అడ్డంగా విరిగింది.
– వడ్రంగం నేర్చుకుంటున్న యువకుడు, జనగామ

జవాబు: విరిగింది కర్ర తప్పుతో కాదు, పోగు దిశ తప్పుతో. మడమ నుంచి పిడికి వచ్చే సన్నటి మెడ దగ్గర పోగు నిలువునా, అంటే తుపాకీ పొడవు వెంట సాగాలి. మీ ముక్కలో పోగు మెడను అడ్డంగా దాటి ఉంటుంది. విరిగిన చోటు మెట్లు మెట్లుగా కాకుండా నున్నగా ఊడి ఉంటే అదే సాక్ష్యం. పలక మీద మడమ బొమ్మ గీసేటప్పుడు ముందుగా మెడను పోగు వెంట పెట్టి, మిగతా ఆకారాన్ని దానికి తగ్గట్టు తిప్పండి. కర్ర కొంచెం వృథా అవుతుంది, తప్పదు.

పునికి బొమ్మలకు బంగారం. మెత్తన, తేలిక, ఉలి వెన్నలో దిగినట్టు దిగుతుంది. ఆ గుణమే ఇక్కడ దోషం. స్క్రూ పట్టదు, మెడ నిలవదు. గడ్డం ఆనే చోట బుగ్గలా అతికించే ముక్కకైతే వాడుకోండి. జిట్రేగి అందమైనదే కానీ బరువు, పైగా ముందుభాగం కుంగుతుంది. మామిడి చవక, పురుగు పడుతుంది. మొత్తం మీద టేకుకు సాటి లేదు.

టేకుతో ఒక చిక్కు ఉంది, దానిలోని నూనె. అంటించే రెండు ముఖాలనూ జిగురు పెట్టడానికి కొద్ది నిమిషాల ముందు థిన్నర్ గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, వెంటనే అతికించాలి. నిన్న తుడిచి ఇవాళ అతికిస్తే లాభం లేదు, నూనె మళ్లీ పైకి వస్తుంది. మిల్లు ముక్క పాత దర్వాజాదైతే మంచిది, ఎప్పుడో ఎండిపోయి ఉంటుంది. కొత్తగా కోసిన పలక నీడలో ఆరడానికి అంగుళం మందానికి ఏడాది అని పాతవాళ్లు చెప్పే లెక్క ఇప్పటికీ సరైనదే. పచ్చి కర్రతో చేస్తే ఎండాకాలం వచ్చేసరికి గేర్‌బాక్సు పట్టే గాడి ముడుచుకుంటుంది, ట్రిగ్గర్ ఒరుసుకుంటుంది. అప్పుడు అందరూ ట్రిగ్గర్‌ను తిడతారు.

చిన్న చిన్న పగుళ్లు, ఉలి జారిన గుంతలు పూడ్చడానికి చేర్యాల మాస్కులు చేసే పద్ధతి అరువు తెచ్చుకోవచ్చు. చింతగింజల పిండిని ఉడికించిన జిగురులో జల్లించిన రంపపు పొట్టు కలిపి, పలచని పొరలుగా పెట్టాలి. ఒకేసారి మందంగా పెడితే ఎండేటప్పుడు బీటలిస్తుంది. బరువు పడే మెడకు మాత్రం ఇది పనికిరాదు. అక్కడ ఎపాక్సీ, లోపల 6 మిల్లీమీటర్ల ఉక్కు కడ్డీ పెట్టండి. మడమ చివర ఇత్తడి రేకు కావాలంటే జనగామలో ఉన్నారు కాబట్టి పెంబర్తి మీకు పక్కనే. పని తెలిసిన చేతులు అక్కడ చాలా ఉన్నాయి.

ప్రశ్న: గేర్‌బాక్సు విప్పి శుభ్రం చేసి మళ్లీ బిగించాను సార్. ఇప్పుడు కీచుమని గోల చేస్తున్నది, రెండు నిమిషాలకే మోటారు చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతున్నది. షిమ్ములు ఎన్ని ఉన్నయో అన్నే వేసిన. పిస్టన్ మొదటి పన్ను కూడా అరిగింది. ఎక్కడ తప్పు?
– ఐటీఐ ఫిట్టర్ విద్యార్థి, కాజీపేట

జవాబు: ఫిట్టర్ చదువుతున్నారు కాబట్టి కొంచెం లోతుగానే చెప్తాం. ‘ఎన్ని ఉన్నయో అన్నే వేసిన’ అన్న దగ్గరే కిటుకు ఉంది. షిమ్ములకు లెక్క కాదు, స్థానం ముఖ్యం. ఏ చక్రానికి ఏ వైపు ఎంత మందం అన్నది ప్రతి గేర్‌బాక్సుకూ వేరు. ఫ్యాక్టరీ వాళ్లు వేసింది కూడా సరైనదని నమ్మక్కర్లేదు.

విప్పే ముందు జాగ్రత్త. స్ప్రింగు సగం లాగిన స్థితిలో ఆగి ఉండొచ్చు. మోటారు తీసేశాక, వెనక్కి తిరగకుండా ఆపే చిన్న కొక్కేన్ని సన్నటి స్క్రూడ్రైవర్‌తో వదిలించండి, గర్రుమని గేర్లు తిరిగి స్ప్రింగు వదులవుతుంది. ఆ తర్వాత కూడా స్ప్రింగు గైడు రంధ్రంలో వెనక నుంచి స్క్రూడ్రైవర్ దూర్చి పట్టుకునే పై డొప్ప ఎత్తాలి. లేకపోతే గైడు నేరుగా మొహానికే వస్తుంది. కళ్లద్దాలు పెట్టుకోండి. వీలైతే డొప్పను పెద్ద పాలిథిన్ సంచిలో పెట్టి విప్పండి, ఎగిరిపడ్డ చిన్న స్ప్రింగులు సంచిలోనే ఉంటాయి.

ఇప్పుడు షిమ్ములు. 0.1, 0.2, 0.3 మిల్లీమీటర్లవి తలా ఆరేడు దగ్గర పెట్టుకోండి. పిస్టన్, సిలిండరు, స్ప్రింగు, ట్రిగ్గర్ పక్కన పెట్టేయండి. ఖాళీ డొప్పలో మధ్య చక్రాన్ని ఒక్కదాన్నే వేయండి. కింది వైపు అది డొప్పకు ఒరుసుకోనంత పలచటి షిమ్ము, చాలాసార్లు 0.1 సరిపోతుంది. పై వైపు ఖాళీని బట్టి నింపండి. తర్వాత పిస్టన్‌ను లాగే సగం పళ్ల చక్రం. దాని కిందిభాగం మధ్య చక్రానికి తగలకూడదు, అలాగని పళ్లు పట్టే వెడల్పు తగ్గకూడదు. చివరగా మోటారు వైపు వంపు పళ్ల చక్రం. ఇది మధ్య చక్రంతోనూ, మోటారు ఇరుసు మీది చిన్న గేరుతోనూ రెండింటితోనూ పొత్తు కుదరాలి. అందుకే దీన్ని చివరికి ఉంచాలి.

ప్రతిసారీ డొప్పను అన్ని స్క్రూలతో పూర్తిగా బిగించాకే చూడండి. చేత్తో నొక్కి పట్టుకుని చూస్తే ఖాళీ ఎక్కువ కనిపిస్తుంది. స్క్రూ బిగించగానే ఆ ఖాళీ పోయి చక్రం పట్టేస్తుంది. మీకు జరిగింది ఇదే అయి ఉండాలి. సరిగా కుదిరితే చక్రాన్ని వేలితో పైకీ కిందికీ కదిపినప్పుడు కాగితం మందమంత ఆట తెలుస్తుంది. మూడూ కలిపి చిమటాతో తిప్పి వదిలితే రెండు మూడు చుట్లు తనంతట తాను తిరగాలి. తిప్పినంతసేపే తిరిగి ఠక్కున ఆగితే ఎక్కడో ఒక షిమ్ము ఎక్కువైంది.

ఇంత చేశాకా కీచు మిగిలితే మోటారు ఎత్తు చూడాలి. పిడి అడుగున చిన్న అలెన్ స్క్రూ ఉంటుంది. దాన్ని బిగిస్తే మోటారు పైకి జరిగి చిన్న గేరు వంపు పళ్లలోకి దిగుతుంది. ఎక్కువ దిగితే కీచుమని మోటారు వేడెక్కుతుంది, తక్కువ దిగితే గరగరమని పళ్లు కొరుక్కుంటాయి. గోళీలు లేకుండా అరసెకను చొప్పున కాలుస్తూ పావు చుట్టు చొప్పున తిప్పండి. శబ్దం ఒక్కసారిగా మెత్తబడే చోటు చెవికి తెలుస్తుంది, అక్కడ ఆపాలి. ఆ స్క్రూ అదురుకు కదలకుండా దాని మీద గోళ్ల రంగు చుక్క వేయండి.

పిస్టన్ పన్ను అరగడం వేరే జబ్బు. సగం పళ్ల చక్రపు మొదటి పన్ను వచ్చి పిస్టన్ మొదటి పన్నును పట్టుకునేటప్పుడు పన్ను ముఖం మొత్తం ముఖానికి ఆనాలి. చాలా గేర్‌బాక్సుల్లో పిస్టన్ ఒకింత ముందుకు వచ్చి ఆగుతుంది. దాంతో పన్ను మొన మాత్రమే తగులుతుంది. ప్రతి దెబ్బకూ ఇంత చొప్పున కొరికి చివరికి మొదటి పన్నే ఎగిరిపోతుంది. సిలిండరు తల లోపల ఉన్న పలచటి రబ్బరు తీసి, 3 మిల్లీమీటర్ల మందం గట్టి రబ్బరు అంటిస్తే పిస్టన్ వెనకే ఆగుతుంది. పొట్టి స్క్రూలతో డొప్ప సగం బిగించి, పక్క కిటికీలోంచి టార్చి వేసి పళ్లు కలిసే తీరు చూడండి. పిస్టన్ రెండో పన్ను అడ్డం వస్తే దాన్ని ఆకురాయితో పూర్తిగా తీసేయాలి. మొదటి పన్ను జోలికి పోవద్దు. అరిగిన పిస్టన్ మీద ఈ పని చేసి లాభం లేదు, కొత్తది వేసి చేయండి.

గ్రీజు గురించి ఒక్క మాట. పళ్లకు పలచగా, సిలిండరుకు సిలికాన్ నూనె ఒకటి రెండు చుక్కలు. మెకానిక్ షాపుల్లో వాడే మామూలు గ్రీజు హాప్-అప్ రబ్బరును ఉబ్బిస్తుంది, పైగా చలికాలం పొద్దున గట్టిపడి చక్రాలను పట్టేస్తుంది. గ్రీజు ఎక్కువైతే మంచిదే కదా అనే భ్రమ మన ఫిట్టర్లందరికీ ఉంటుంది. ఇక్కడ అది ముక్కు దాకా పాకి గొట్టంలోకి చేరుతుంది.

ప్రశ్న: ఎం100 స్ప్రింగు వేశాం. గోళీ పదిహేను మీటర్లకే నేలను తాకుతోంది, కొన్నయితే ఎడమకు తిరిగిపోతున్నాయి. ఇంకా గట్టి స్ప్రింగు వేయాలా?
– హుజూరాబాద్ మిత్రులు

జవాబు: వద్దు. దూరం స్ప్రింగుతో రాదు. గోళీకి వెనకతిప్పు పడితేనే అది గాలిలో తేలుతుంది. ఆ తిప్పు ఇచ్చేది హాప్-అప్ రబ్బరులోని బొడిపె. ఎం100 అంటే 0.20 గ్రాముల గోళీని సుమారు సెకనుకు 100 మీటర్ల వేగంతో తోసేది, అంటే 1 జౌలు. జపాన్‌లో 2006 నుంచి చట్టం పెట్టిన హద్దు 0.98 జౌలు. ఆ హద్దులోనే అక్కడివాళ్లు చక్కగా ఆడుకుంటున్నారు.

ముందు గాలి కారుతోందేమో చూడండి. సిలిండరు, పిస్టన్, ముక్కు బయటికి తీసి, ముక్కు రంధ్రాన్ని వేలితో మూసి పిస్టన్ నొక్కండి. గట్టిగా తిరగబడి నిలవాలి. మెల్లగా కుంగిపోతే పిస్టన్ చుట్టూ ఉన్న ఓ-రింగును కొంచెం సాగదీసి నూనె చుక్క వేయండి. సిలిండరు తల దగ్గర కారితే ప్లంబర్ల తెల్ల టేపు రెండు చుట్లు చాలు. ముక్కు సిలిండరు తల మీద వదులుగా ఆడితే మార్చడమే దారి.

గోళీలు ఎడమకు పోతున్నాయంటే రబ్బరు మెలితిరిగి కూర్చుంది. గొట్టం పక్కన ఒక గాడి ఉంటుంది, రబ్బరు మీది గీత సరిగ్గా దానిలో దిగాలి. గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి వెనక నుంచి చూస్తే బొడిపె పన్నెండు గంటల స్థానంలో కనిపించాలి. పదకొండు దగ్గర ఉంటే విప్పి మళ్లీ బిగించండి. రబ్బరు లోపల నూనె అంటితే తిప్పు పోతుంది. ముందు కడ్డీకి పొడి గుడ్డ చుట్టి గొట్టాన్ని నాలుగుసార్లు తుడవండి.

తర్వాత గోళీలు. 0.20 వదిలి 0.25 గ్రాములవి వాడండి. బయలుదేరే వేగం తగ్గినా గాలి దాన్ని అంతగా ఆపలేదు. మంచి గోళీ 5.95 మిల్లీమీటర్లు ఉంటుంది. సంతలో బొమ్మల దుకాణాల్లో దొరికేవి అతుకు గీతలతో వస్తాయి, కొన్ని 6 దాటుతాయి. లోపలి గొట్టం 6.03 అయితే అవి అందులో ఇరుక్కుంటాయి. పది గోళీలను వర్నియర్‌తో కొలవండి, సంగతి తెలిసిపోతుంది. నేల మీద పడ్డవి ఏరుకుని మళ్లీ వేయకండి, వాటికి అంటిన ఇసుక గొట్టాన్ని గీస్తుంది. మట్టిలో కలిసిపోయే రకాలు వానాకాలం తేమకు ఉబ్బుతాయి. వాటిని మూత డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో పెట్టాలి.

హాప్-అప్‌ను పూర్తిగా వదులు చేసి మొదలుపెట్టి, ఐదు గోళీలకు ఒకసారి ఒక మెట్టు బిగిస్తూ వెళ్లండి. గోళీ నేరుగా సాగి చివర్లో కాస్త లేచి వాలితే సరైన చోటు. మధ్యలోనే పైకి లేస్తే ఎక్కువైంది.

ప్రశ్న: 7.4 వోల్టుల లైపో బ్యాటరీ కొంచెం ఉబ్బింది, పనిచేస్తోంది. వాడొచ్చా?
– మంచిర్యాల

జవాబు: వాడొద్దు, చార్జింగూ పెట్టొద్దు. మేలో కారులో వదిలేసి ఉంటారు. మన దిక్కు బయట 44 డిగ్రీలు ఉంటే, మూసిన కారు లోపల వేడి దానికంటే చాలా ఎక్కువ. కొత్తది కొన్నాక మూడు అంకెలు గుర్తుంచుకోండి. ఒక్కో సెల్లు నిండితే 4.2 వోల్టులు, దాచేటప్పుడు 3.8, ఎప్పుడూ 3.2 కంటే కిందికి దింపకూడదు. 1300 ఎంఏహెచ్ బ్యాటరీని 1.3 ఆంపియర్లకు మించి చార్జ్ చేయకండి, బండ మీదో ఇటుకల మీదో పెట్టి కళ్ల ముందే చేయండి. 11.1 వోల్టులది వేస్తే వేగం పెరుగుతుంది కానీ ట్రిగ్గర్ రాగి రేకులు నిప్పురవ్వలకు నల్లబడి కాలిపోతాయి. మోస్‌ఫెట్, అంటే ట్రిగ్గర్ రేకుల బదులు కరెంటును మోసే ఎలక్ట్రానిక్ స్విచ్చు, పెట్టకుండా దాని జోలికి పోవద్దు. తీగకు మందం తగ్గించకండి, ఫ్యూజు మానకండి.

ప్రశ్న: మడమకు ఎన్సీ లక్కర్ (తొందరగా ఆరే మెరుపు పూత) కొట్టాము. ఆరాక తెల్లగా పొగమంచు పట్టినట్టు అయింది. జూలైలో కొట్టాం. చెరిపేయాలా?
– నర్సంపేట

జవాబు: చెరపక్కర్లేదు. థిన్నర్ తొందరగా ఎగిరిపోతూ పైభాగాన్ని చల్లబరుస్తుంది. వానాకాలపు తేమ దాని మీద చెమ్మగా దిగి పొరలో చిక్కుకుంటుంది. ఎండ వచ్చిన రోజు మధ్యాహ్నం నెమ్మదిగా ఆరే రిటార్డర్ థిన్నర్‌ను గన్‌తో మంచులా ఒక్క పూత చల్లితే పొర మెత్తబడి తెలుపు పోతుంది. పోకపోతే 400 నంబరు ఉప్పుకాగితంతో తేలిగ్గా రుద్ది మళ్లీ కొట్టండి. అసలు ఈ పనికి మేం అవిసె నూనెనే ఇష్టపడతాం. మరిగించిన రకం కొనండి, రోజుకొక పలచటి పూత చొప్పున ఐదారు రోజులు రాయండి. చెమట పట్టినా జారదు. ఆ నూనె గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. తడిపి, పరిచి ఆరబెట్టి పారేయాలి.

ప్రశ్న: మా బాబు పదో తరగతి. స్నేహితులతో కలిసి ఇలాంటిదే చేస్తున్నాడు. కళ్లకు మామూలు బైక్ అద్దాలు పెట్టుకుంటే సరిపోతుందా?
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు: సరిపోవమ్మా. అడిగి మంచి పని చేశారు. యూరప్‌వాళ్ల ఈఎన్166 ప్రమాణంలో ‘ఎఫ్’ గుర్తు ఉన్న అద్దాలను 0.86 గ్రాముల ఉక్కు గుండుతో సెకనుకు 45 మీటర్ల వేగంతో కొట్టి పరీక్షిస్తారు. అది 0.87 జౌలు. మీ అబ్బాయి తుపాకీ 1 జౌలు దగ్గర ఉండొచ్చు, అంటే ఆ హద్దు దాటినట్టే. ‘బి’ గుర్తు ఉన్న గాగుల్స్‌ను 120 మీటర్ల వేగంతో, అంటే ఆరు జౌళ్లకు పైగా శక్తితో పరీక్షిస్తారు. ఆ గుర్తు అద్దం మీదా, ఫ్రేము మీదా రెండు చోట్లా ముద్రించి ఉండాలి, ఒకచోటే ఉంటే లెక్కలోకి రాదు. పక్కల నుంచి కూడా కమ్మేలా, తలకు పట్టీతో బిగేవి కొనండి. జాలీ గాగుల్స్ వద్దు, గోళీ పగిలి ముక్కలు లోపలికి పోతాయి.

బల్ల దగ్గర విప్పుతున్నప్పుడూ అవే పెట్టుకోవాలి. మ్యాగజైను తీసినంత మాత్రాన తుపాకీ ఖాళీ కాదు, గదిలో ఒక గోళీ మిగులుతుంది. గొట్టం మెత్తటి దిక్కుకు పెట్టి రెండు మూడుసార్లు ఉత్తగా కాల్చాకే బ్యాటరీ తీయాలి. కంటికి గోళీ తగిలితే నీళ్లు కొట్టడం, రుద్దడం చేయకండి. ప్లాస్టిక్ కప్పును కన్ను మీద నొక్కుడు పడకుండా బోర్లించి టేపు వేసి నేరుగా కంటి ఆసుపత్రికి తీసుకెళ్లండి. నొప్పి తగ్గిందని ఆగకూడదు, లోపల రక్తం చేరితే మొదట నొప్పి తెలియకపోవచ్చు.

ప్రశ్న: స్కూలు వార్షికోత్సవంలో తెలంగాణ సాయుధ పోరాటం మీద నాటకం వేస్తున్నాం. అందులో ఈ తుపాకీ వాడుకోవచ్చా?
– ఉపాధ్యాయుడు, మహబూబాబాద్

జవాబు: వద్దు సార్. వేదిక మీద గోళీ పోగల ఏ వస్తువూ ఉండకూడదు. మీకు కావాల్సింది 1948 నాటి .303 రైఫిల్ ఆకారం. దాని పొడవు సుమారు 113 సెంటీమీటర్లు, పిల్లలు మోయాలి కాబట్టి 90కి తగ్గించండి, దూరానికి తేడా తెలియదు. 18 మిల్లీమీటర్ల రెండు ప్లై పలకలు అతికించి జిగ్‌సాతో కోసి, గొట్టానికి అర అంగుళం పీవీసీ పైపు పెట్టి, పైపు మూతిని లోపల రెండు అంగుళాల లోతున కొయ్య బిరడాతో మూసి ఎపాక్సీ పోయండి. పీవీసీకి రంగు నిలవాలంటే ముందు ఉప్పుకాగితంతో మెరుపు పోయేలా రుద్దాలి. నలుపు మీద పొడి బ్రష్షుతో కాస్త వెండి రంగు అంచుల వెంబడి తాకిస్తే ఇనుములా కనిపిస్తుంది. మూతి చుట్టూ ఆరెంజ్ పట్టీ ఉంచి, వేదిక ఎక్కేటప్పుడు మాత్రం నల్ల గుడ్డ తొడుగు వేసుకోండి. రిహార్సల్‌కు పిల్లలు వాటిని బస్సులో చేత్తో పట్టుకుని రాకుండా, మొత్తం ఒకే గోనెసంచిలో కట్టించి బడి ఆటోలో పంపించండి.